భోజనాల బల్ల దగ్గర పేతురు

కొత్త కోడలికి ఆ ఇంట్లో ఉదయాలంటే భలే ఇష్టం. కిటికీ రెక్క తీయగానే ఎండ తిన్నగా వచ్చి కడిగిన గిన్నెల మీద మెరుస్తుంది. టీ మరిగేలోపు భర్త వెనకనుంచి వచ్చి జడ లాగి, ఏమీ ఎరగనట్టు పేపరు తిరగేస్తాడు. ఈ రోజు సంతోషం ఇంకాస్త ఎక్కువ. పెళ్లయ్యాక తొలిసారి నాన్న భోజనానికి వస్తున్నాడు.

ముందు గదిలో పాస్టరు మామగారు అద్దం ముందు నిలబడి ఆదివారం ప్రసంగం సాధన చేస్తున్నారు. "'ఈ బండ మీద నా సంఘాన్ని కడతాను' అని యేసు పేతురుతో అన్నాడే, ఆ బండ పేతురనే మనిషి కాదు, పేతురు ఒప్పుకున్న విశ్వాసం! ఆయన్ని ఎవరూ పోపుగా కూర్చోబెట్టలేదు. రోము బిషప్పే అందరికీ పెద్ద అన్నది తర్వాతి శతాబ్దాల్లో మనుషులు కట్టుకున్న మాట. సంఘానికి శిరస్సు క్రీస్తు ఒక్కడే!"

కోడలు నవ్వుకుంది. ఆమె పుట్టింటివాళ్లు పోపునే పెద్దగా ఎంచే రోమన్ కేథలిక్కులు. ఈ వాదనలన్నీ పెళ్లికి ముందే అయిపోయాయి. ఎవరి నమ్మకం వాళ్లదని తేల్చింది కూడా మామగారే.

ఆయన వంటగదిలోకి వచ్చి గొంతు సవరించుకున్నారు. "అమ్మాయ్, మీ నాన్నగారిని రేపు రమ్మను. మధ్యాహ్నం సంఘం పెద్దలు భోజనానికి వస్తున్నారు."

"బల్ల పెద్దదే కదా మామయ్యగారూ?"

"బల్ల సంగతి కాదు. ఆయన ఫాదర్ల అంగీలు కుట్టే మనిషి. పోపు మనిషితో కలిసి తిన్నానని వాళ్లు నన్ను ఏకిపారేస్తారు."

గరిట ఆమె చేతిలోనే ఆగిపోయింది. "పెళ్లినాడు నాన్న పక్కనే కూర్చుని తిన్నారుగా! అడిగి మరీ మళ్లీ వడ్డించుకున్నారు!"

"అప్పుడు ఈ పెద్దలు లేరు."

"అంటే మా నాన్న ఎవరూ చూడనప్పుడే చుట్టమా?" ఆమె భర్త వైపు తిరిగింది. "ఏమండీ, మీరేం మాట్లాడరేం?"

పేపరు వెనకనుంచి "నాన్నా, అదీ..." అని మాత్రం వినిపించింది.

"ఆ పేపరు కింద పెట్టరా! అందులో నీ గురించేం వేయలేదు," అన్నారు గిన్నెలు కడుగుతున్న అత్తగారు.

"నా ఇంట్లో నా మాట చెల్లదా?" మామగారు గుడ్లురిమారు.

అత్తగారు తడి చేతులు తుడుచుకున్నారు. "చెల్లుతుంది. ఒక్కటి చెప్పండి. పేతురు కూడా తప్పు చేశాడని చూపించడానికి ఏటా ఏం చెబుతారు మీరు?"

"అంతియొకయ పట్టణంలో తోటి అపొస్తలుడు పౌలు ఆయన్ని అందరి ముందూ నిలదీశాడని చెబుతాను. ఇప్పుడెందుకది?"

"ఎందుకు నిలదీశాడు?"

"యూదులు కానివాళ్లతో కలిసి తినేవాడు. తనవాళ్లు కొందరు రాగానే, వాళ్లకు జడిసి, బల్ల దగ్గరనుంచి..."

ఆయన చూపు భోజనాల బల్ల మీద పడింది.

"చెప్పండి మామయ్యగారూ," అంది కోడలు. "బల్ల దగ్గరనుంచి?"

ఆయన ముఖం కందగడ్డలా అయింది. "నాకే వాక్యం నేర్పుతారా!" అని విసురుగా వెళ్లి గది తలుపు ధడాలున వేసుకున్నారు.

రేపు రమ్మని కోడలు నాన్నకు ఫోన్ చేయలేదు. చేయనుగాక చేయననుకుంది. మధ్యాహ్నం పెద్దలు బల్ల దగ్గర కూర్చున్నాక, అల్లుడికి కుట్టిన చొక్కా పొట్లంతో నాన్న గుమ్మంలోకి వచ్చాడు. లోపలివాళ్లను చూసి అక్కడే ఆగిపోయాడు.

"పని మీద ఉన్నట్టున్నారు. ఇంకోసారి వస్తాలే తల్లీ."

మామగారు కుర్చీలోంచి లేచారు. మళ్లీ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటారేమో అనుకుంది కోడలు. కానీ ఆయన గది వైపు వెళ్లలేదు. గుమ్మం దాకా వెళ్లి నాన్న చెయ్యి పట్టుకున్నారు.

"ఎక్కడికి బావగారూ? రండి." తన పక్క కుర్చీలో కూర్చోబెట్టి పెద్దల వైపు తిరిగారు. "మా వియ్యంకుడు. దర్జీ. రోమన్ కేథలిక్కు."

ఒక పెద్దాయన కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆదివారం అంతియొకయ సంగతి చెబుతాను కదా," అన్నారు మామగారు. "ఈసారి పేతురు పక్కన తప్పు చేసినవాడిగా నన్నూ నిలబెట్టుకుంటాను. పొద్దున మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు నన్ను నిలదీశారు." వెంటనే నాన్న వైపు వేలు చూపించారు. "పోపు విషయంలో మాత్రం నేను తగ్గను బావగారూ!"

"నేనూ తగ్గను. ముందు వడ్డించనివ్వండి, చల్లారిపోతోంది."

కోడలు నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అలవాటుగా మామగారి కంచం వైపు గరిట చాపింది. ఆయన తన కంచం పక్కకు జరిపి, నాన్న కంచం ముందుకు తోశారు.