రెండో ఆడియో ట్రాక్

“నీలిమ డబుల్ ఏజెంట్. పట్టుకరా. ఉరికితే కాల్చు.”

వికారాబాద్‌లో చీఫ్ బాల్‌రాజ్ బ్రీఫింగ్ అంతే. ఆధారం ఏజెంట్ గిరీష్ రాసిన రిపోర్టే. రాడార్ నక్ష, అంటే దాని డిజైన్ ప్లాను, కొట్టేసిన విదేశీ ముఠాలోకి నీలిమను పంపారు. నక్ష ఎప్పుడు, ఎక్కడ చేతులు మారుతుందో చెబుతానని ఆమె ఒక ఎంకేవీ వీడియో ఫైలు పంపింది. గిరీష్ చూశాడు. ఉత్త పెళ్లి వీడియో, బ్యాండు మేళం. ‘మోసం’ అని రాసి సంతకం పెట్టాడు.

పట్టుకొచ్చే పనీ అతనికే పడింది. మధ్యాహ్నం మూడింటికి గిరీష్ కందుల వ్యాపారి వేషంలో తాండూరు ఫొటో స్టూడియో మెట్లెక్కాడు. ఎర్రటి లిప్‌స్టిక్, నల్లకళ్లద్దాలతో నీలిమ పెళ్లి వీడియో మిక్సింగ్ చేస్తోంది.

“తెల్ల కందులున్నయా?” కోడ్ అడిగాడు.

“ఎర్రయే ఉన్నయి. వచ్చిన్రా సార్! మూడుంబావు రైలుకు ఇంక టైమున్నది.”

ఆమె నవ్వుతుండగానే ఒక చేతికి బేడీ బిగించాడు. “ఏ రైలు?”

నీలిమ నవ్వు ఆగిపోయింది. “రెండో ఆడియో ఇన్లేదా సార్? ఫైలు ఎట్ల చూసిన్రు?”

“ఎంపీ4గా మార్చి చూసిన,” అన్నాడు గిరీష్. వీడియో కొత్త కోడెక్‌లో ఉంది. అతని పాత ఫోను దాన్ని విప్పలేక నల్లతెర చూపించింది. అందుకే ఏదో యాప్‌లో మార్చుకున్నాడు. యాప్ మొదటి ఆడియో ఉంచుకుని రెండోది పారేసింది.

“ఎంకేవీ లాంటి కంటైనర్ అంటే డబ్బా, కోడెక్ అంటే లోపటి సరుకును కుదించే పద్ధతి. డబ్బాల ఎన్ని ట్రాకులున్నయో చూడకుండ మార్చొద్దని ట్రైనింగ్‌ల మీరే చెప్పిన్రు గద సార్. గందుకే మీకు పంపిన.”

సిగ్గుతో అతని తల వాలిపోయింది. ఆ పాఠానికి డిపార్ట్‌మెంట్ అతనికి శాలువా కూడా కప్పింది.

నీలిమ అసలు ఫైలు తెరిచి ట్రాక్ మార్చింది. మేళం ఆగి ముఠా మనిషి గొంతు వినిపించింది. “తాండూరు స్టేషన్. మూడుంబావు రైలు. చివరి బోగీ. నల్ల సూట్‌కేస్.”

గడియారంలో మూడు గంటల ఆరు నిమిషాలు. గిరీష్ బేడీ తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు.

“తాళం తర్వాత సార్. ఉరుకుండ్రి!”

వాళ్లు ప్లాట్‌ఫారం చేరేసరికి రైలు కదులుతోంది. చివరి బోగీ మెట్టు మీద నల్ల సూట్‌కేస్‌తో ఒకడు కాలు పెట్టాడు. నీలిమ తన చేతికి వేలాడుతున్న రెండో బేడీని వాడి మణికట్టుకు బిగించి వెనక్కి లాగింది. సూట్‌కేస్‌తో సహా వాడు కింద పడ్డాడు. రైలు వెళ్లిపోయింది.

బాల్‌రాజ్ ఫోన్. “నీలిమ దొరికిందా?”

“ఆమె తప్పేం లేదు సార్. తప్పు నాదే. నక్ష దొరికింది, దొంగ దొరికిండు.”

“షాబాష్! నువ్వు పట్టినవా?”

నీలిమ చేతిమీద బేడీ ఒరుసుకున్న ఎర్రటి గీతను గిరీష్ చూడలేకపోయాడు.

“ఆమెనే పట్టింది సార్.”

“మరి నువ్వేం జేసినవ్?”

“బేడీలు తెచ్చిన సార్.”