చెప్పులు తిప్పి పెట్టే ఇల్లు

జపానులో ఒటారు రేవు నుంచి కొండ మీదికి ఎక్కే వీధిలో, రెండో మలుపు దగ్గర, మూతబడిన విడిది ఇల్లు ఒకటుంది. పేరు కమొమె. చీకటి పడితే దాని ముందు నుంచి ఎవరూ నడవరు. చలికాలంలో ఆ ఊళ్ళో నాలుగింటికే చీకటి పడుతుంది. ఇక ఆ ఇంటికి తోడెవరు?

దెయ్యమంటే జుట్టు విరబోసుకుని కేకలు పెట్టాలనేం లేదు. ఈ దెయ్యం మహా మర్యాదస్తురాలు. చెప్పులు తిప్పి పెడుతుంది... అంతే.

విడిది యజమానురాలు షిజునొ బతికున్నన్నాళ్ళూ చేసిన పని అదే. అతిథి చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టగానే, వెనకాల మోకాళ్ళ మీద కూర్చుని, వాటి మొనలు వీధి వైపు తిప్పి జతగా పెట్టేది. వెళ్ళేటప్పుడు తడుముకోకుండా తొడుక్కోవాలి కదా! ఆవిడ పోయాక, గ్యాసు మీటరు విప్పుకుపోదామని కంపెనీ మనిషి ఒకడు వచ్చాడు. లోపల పని చూసుకుని తిరిగొచ్చేసరికి... బూట్లు వీధి వైపు తిరిగి ఉన్నాయి. ఇంట్లో రెండో మనిషి లేడు. ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత పట్టుకుని, మంచులో ఒకటే పరుగట.

"చచ్చినా డ్యూటీ మానలేదురా మా షిజునొ!" అని వీధి మొదట్లో చేపలమ్మే నాగై నవ్వుతాడు. నవ్వుతాడు గానీ, పొద్దుగూకితే అతనూ చుట్టు తిరిగే ఇంటికి పోతాడు.

షిజునొకి ఒక్కతే కూతురు, తొమొయె. సప్పొరోలో పళ్ళ డాక్టరు దగ్గర పని. నలభై దాటింది, పెళ్ళీ పెటాకులూ లేవు. మర్నాడు పొద్దున ఇల్లు కూల్చేవాళ్ళు వస్తారు. వాళ్ళకి తాళం ఇవ్వాలి, దేవుడి గూట్లో ఉన్న అమ్మ పేరు చెక్కిన పలక తెచ్చుకోవాలి. అందుకని ఆ సాయంత్రం రైలు దిగింది.

"ఇప్పుడెందుకమ్మా? గాలీ మంచూ చూశావా! రాత్రికి మా ఇంట్లో పడుకో," అన్నాడు నాగై.

"మా అమ్మకి భయపడి మీ ఇంట్లో దాక్కోవాలా బాబాయ్?"

"భయమని నేనన్నానా? చలి అన్నాను."

"మీ మొహం చూస్తే చలిలా లేదు."

"పో పో, అమ్మ నోరే వచ్చింది," అని విసుక్కుని, పొయ్యి మీద కాలుతున్న చిలగడదుంపలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు.

తొమొయెకి దెయ్యం భయం లేదు. ఆమె మనసులోని ముల్లు వేరు. చదువైపోగానే అమ్మ విడిది చూసుకోమంది. "ఊరందరి చెప్పుల ముందూ మోకాళ్ళూనడం నా వల్ల కాదు," అని మొహం మీదే చెప్పేసింది. అమ్మ పల్లెత్తు మాట అనలేదు. పెట్టె పట్టుకుని బయల్దేరిన పొద్దున, కూతురి బూట్ల ముందు కూర్చుని, మొనలు వీధి వైపు తిప్పి, వంగి నమస్కరించింది. "మా విడిదిని గుర్తుంచుకోండి. మళ్ళీ దయచేయండి," అంది.

రా అనలేదు. దయచేయండి అంది!

ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అదే వరస. ఆఖరిసారి, లేవలేని మనిషి, గోడ పట్టుకుని వచ్చి మరీ తిప్పింది. ఒక్కసారి ఆ బూట్లని అలాగే వదిలేసి ఉంటే బాగుండేది. అమ్మ తనని పరాయిదాన్ని చేసుకునే పోయిందా? ఈ ప్రశ్నకి జవాబు చెప్పే మనిషి ఇక లేదు. రేపటికి ఇల్లు కూడా ఉండదు.

తలుపు జరిపి, పరాయి ఇంట్లోకి వెళ్ళేవాళ్ళు అన్నట్టే, "మన్నించాలి, లోపలికి వస్తున్నాను," అంది తొమొయె. బూట్లు విడిచి, తనే వంగి వాటిని వీధి వైపు తిప్పుకుంది.

"నీకెందుకమ్మా శ్రమ," అంది చీకట్లోకి.

కరెంటు ఎప్పుడో తీసేశారు. లాంతరు వెలిగించి, వంటింట్లో పాత కిరసనాయిలు పొయ్యి అంటించి కెటిల్ పెట్టింది. వెనక గదిలోకి వెళ్ళి, పలకని గుడ్డలో చుట్టింది. గాలి ఇంటిని పట్టుకుని ఊపుతోంది.

అప్పుడు... వీధి తలుపు జరిగిన చప్పుడు.

తొమొయె పలకని గుండెలకి హత్తుకుంది.

దబ్... దబ్... ఏదో కింద పడింది. తర్వాత, చెక్క నేల మీద మెత్తగా అడుగులు.

"ఎవరు?"

లాంతరు పట్టుకుని వచ్చి చూస్తే — తల నుంచి కాళ్ళ దాకా తెల్లగా, తల మీద ముసుగుతో, ఒక ఆడమనిషి.

తెల్లటి మనిషి తుమ్మింది.

"మన్నించండి... దీపం కనిపించింది. దారి తప్పాను."

తెలుపంతా మంచే. ఆవిడ పేరు రోస్నా, ఊరు మలేషియాలో పెనాంగ్. అక్కడ జపాను వాళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసి వాళ్ళ భాష నాలుగు ముక్కలు నేర్చుకుంది. రేవు దగ్గరి కాలువ చూడాలని బస నుంచి బయటికొచ్చి, మంచులో దిక్కు తెలియక కొండ ఎక్కేసింది. ఆవిడ బూట్లు ఒకటి బోర్లా, ఒకటి పక్కకీ పడి ఉన్నాయి. తొమొయె చెయ్యి వాటి వైపు పోబోయి ఆగింది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, అమ్మ మీది కోపం ఆ బూట్ల మీద చూపించి, అలాగే వదిలేసింది.

వంటింట్లో ఇద్దరూ పొయ్యికి చెరోవైపు కూర్చుని చిలగడదుంపలు తిన్నారు.

"ఒక్కరే వచ్చారా?" అంది తొమొయె.

"మంచు చూడాలని మా ఆయన కోరిక. టిక్కెట్లు కొన్నాక ఆయన పోయాడు. పిల్లలు వద్దన్నారు. పక్క సీట్లో ఆయన కోటు పెట్టుకుని వచ్చాను." రోస్నా దుంప తొక్క తీస్తూ ఆగింది. "ఇక్కడ అందరూ ఎంతో మర్యాదగా ఉంటారు. వంగి దండాలు పెడతారు. తిన్నావా అని మాత్రం ఎవరూ అడగరు. మీరే మొదటిసారి పెట్టారు."

"మా అమ్మా అంతే. మర్యాదతోనే చంపేసింది," అంది తొమొయె. అని, ఎందుకో ఏడ్చింది. రోస్నా ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, గాలి తగ్గేదాకా అలాగే కూర్చుంది.

రోస్నాని బసకి చేర్చమని తొమొయె ఫోను చేస్తే నాగై టార్చిలైటుతో వచ్చాడు. వచ్చాడు గానీ వీధిలోనే నిలబడ్డాడు.

"లోపలికి రండి బాబాయ్!"

"ఇక్కడ బాగుందిలే! గాలి తగుల్తోంది!"

ఇద్దరాడవాళ్ళూ గుమ్మం దగ్గరికి వచ్చారు. రోస్నా బూట్లు జతగా, మంచు దులిపి, మొనలు వీధి వైపు...

"అయ్యో, ఎప్పుడు పెట్టారు ఇలా? ఎంత మంచివారండీ మీరు!"

వంటింట్లోంచి తను కదల్లేదు. రోస్నా కదల్లేదు.

"మా అమ్మ..." అంది తొమొయె గుసగుసగా.

"అమ్మగారు లోపలున్నారా? నా నమస్కారాలు చెప్పండి." రోస్నా నవ్వి, బూట్లలో కాళ్ళు దూర్చి, వెలుతురు వైపు దిగిపోయింది.

"తొమొయె! నువ్వూ తాళమేసి వచ్చెయ్!" నాగై కేక.

తన బూట్ల కోసం లాంతరు దించింది. పెట్టిన చోట లేవు.

గోడ పక్కన, మూలన ఉన్నాయి. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి బూట్లు వదిలే మూల అది. వాటి మొనలు వీధి వైపు లేవు... ఇంటి లోపలికి తిరిగి ఉన్నాయి.

తొమొయె గుమ్మం మెట్టు మీద చతికిలబడింది. బడి పిల్ల అన్నట్టే అంది:

"అమ్మా... వచ్చేశాను."

ఏమైనా వినిపించిందో లేదో ఆమె ఎవరికీ చెప్పలేదు. "మీరు వెళ్ళండి బాబాయ్. నేను ఇంట్లోనే ఉంటాను," అన్న మాట మాత్రం నాగై విన్నాడు. విని, దేవుడా అనుకుని, గబగబా వీధి దిగిపోయాడు.

పొద్దున్నే ఇల్లు కూల్చేవాళ్ళు వచ్చారు. తొమొయె వాళ్ళని లోపల కూర్చోబెట్టి వేడి వేడి టీ ఇచ్చింది. వాళ్ళు టీ తాగి తాళం కోసం లేచి వచ్చేసరికి, ఆమె గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని, వాళ్ళ బూట్లు ఒక్కొక్క జతే వీధి వైపు తిప్పి పెడుతోంది.

ఆమె బూట్లు మాత్రం ఆ మూలనే, లోపలికి తిరిగి ఉన్నాయి.