టిష్యూ ప్యాకెట్ పెట్టిన కుర్చీ

కాత్యాయని దోసె పళ్ళెం పట్టుకుని తిరిగి వచ్చేసరికి ఆమె బల్ల దగ్గర ఎవరో అబ్బాయి కూర్చుని ఉన్నాడు. కూర్చుంటే కూర్చున్నాడు, ఆమె పెట్టి వెళ్ళిన టిష్యూ ప్యాకెట్ విప్పి, అందులోంచి ఒక కాగితం లాగి తీరిగ్గా మెడ తుడుచుకుంటున్నాడు. రెండో చేతిలో ఫోన్.

"మంచిగుందే అమ్మా ఇక్కడ. బల్లల మీద టిష్యూలు గూడ పెడ్తున్నరు, ఫ్రీగ."

ఆదివారం మధ్యాహ్నం. సింగపూర్ బెడోక్‌లో, తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే హాకర్ సెంటర్‌లో కాలు పెట్టే చోటు లేదు.

"ఫ్రీ కాదండీ. అవి నావి," అంది కాత్యాయని.

తెలుగు వినగానే అతను గతుక్కుమన్నాడు. "అమ్మా, మళ్ళ చేస్త," అని ఫోన్ పెట్టేసి లేచి నిలబడ్డాడు. "మీవా? మరి ఇడిసిపెట్టి పోయిన్రేంది?"

"విడిచిపెట్టలేదు, చోప్ చేశాను. ఇక్కడ టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ సీటు మనది. ఇంకెవరూ కూర్చోరు."

"ఎవరూ కూర్చోరా?"

"మీరొచ్చేదాకా ఎవరూ కూర్చోలేదు."

అతను ఆ ప్యాకెట్ వైపు గౌరవంగా చూశాడు. "మా హన్మకొండల బస్సు కిటికీలకెల్లి దస్తీ ఏస్తం. అయినా కొట్లాటే. ఇక్కడ కాగితం ముక్కకు ఇంత ఇజ్జతా?"

కాత్యాయనికి నవ్వొచ్చింది. చూపించలేదు. చుట్టూ ఎక్కడా ఖాళీ లేదు. "కూర్చోండి, పర్లేదు," అంది చివరికి.

అతని పేరు శశికాంత్. సింగపూర్ వచ్చి ఎంతో కాలం కాలేదు. ఒక బ్యాంకులో ఖాతాదారుల ఫిర్యాదులు వినే విభాగంలో ఉద్యోగం. ఇదంతా ఆమె అడగకుండానే చెప్పి, తన ముందున్న వేపుడు నూడుల్స్‌లోని చిన్న మిరపకాయను ఫోర్కుతో పొడిచి చూపించాడు.

"అది చిల్లీ పాడి. పక్కన పెట్టండి," అంది కాత్యాయని.

"నేను ఓరుగల్లు మనిషినండి. గిదెంత?"

కొరికాడు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తరవాత ముఖం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కాత్యాయనిలోని ఉద్యోగిని మేలుకుంది.

"దగ్గు ఎప్పట్నించి? కఫం పడుతోందా? జ్వరం వచ్చిందా? సిగరెట్ అలవాటుందా? ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉందా?"

అతను చెయ్యెత్తి ఆపాడు. నీళ్ళు తాగాడు. ఆమె టిష్యూ మరొకటి తీసుకున్నాడు.

"మిరపకాయండి. నిమిషం అయితుంది," అన్నాడు గొంతు సవరించుకుంటూ. "మీరు పోలీసా?"

కాత్యాయని ముఖం చిన్నబోయింది. ఈమధ్య తప్పిన ఉద్యోగ పరీక్షలో ఎగ్జామినర్ కూడా ఇంచుమించు అదే అర్థంలో రాసింది.

కాత్యాయని ఫిజీషియన్ అసిస్టెంట్. డాక్టరు కాదు, నర్సూ కాదు. డాక్టరు పక్కనే ఉంటూ, ఆయన అప్పగించిన వైద్యం చేసే మనిషి. ఆమెది గుండె ఆపరేషన్ల థియేటర్. బైపాస్‌కి కావలసిన రక్తనాళాన్ని రోగి కాలిలోంచి తీసి ఇవ్వడంలో ఆమె చెయ్యి తిరిగిన మనిషి. తెనాలి నుంచి వచ్చిన ఈ పిల్ల లేకపోతే కేసు మొదలుపెట్టనని పెద్ద సర్జన్ సరదాగా అంటాడు. కానీ ఆమె ఆసుపత్రిలో ఆ ఉద్యోగం చేసేవాళ్ళు కొన్నేళ్ళకోసారి మళ్ళీ పరీక్ష రాసి సర్టిఫికెట్ నిలబెట్టుకోవాలి. రాతపరీక్ష ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. రెండో భాగంలోనే వచ్చింది చిక్కు. రోగిగా నటించే మనిషిని ఎదురుగా కూర్చోబెడతారు. మాట్లాడి, బాధ ఏమిటో రాబట్టాలి.

"నా పేషెంట్లందరూ మత్తులో ఉంటారండీ," అంది. "మెలకువగా ఉన్నవాళ్ళతో మాట్లాడి ఎన్నేళ్ళయిందో. 'రోగికి మాట్లాడే అవకాశం ఇవ్వలేదు' అని రాసి ఫెయిల్ చేశారు. ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే థియేటర్‌లోకి రానివ్వరు. ఈ దేశంలో ఉండనిచ్చే నా వర్క్ పాస్ కూడా ఈ ఉద్యోగం మీదే కదా. తట్టాబుట్టా సర్దుకోవడమే."

శశికాంత్ ఫోర్కు కింద పెట్టాడు.

"నా పని అదేనండి, వినుడు," అన్నాడు. "ఫోన్ చేసినోళ్ళు మొదలు కార్డు పని చేస్తలేదంటరు. నేను ఊకుంటే కొంచెంసేపటికి అసలు సంగతి బయటికొస్తది. టిష్యూలు వాడుకున్న గదా, మీకు పేషెంటుగ వస్త. పై ఆదివారం, ఇదే టేబుల్."

*

పై ఆదివారం ఆమె వచ్చేసరికి ఆ బల్ల మీద కొత్త టిష్యూ ప్యాకెట్ ఉంది. పక్కన శశికాంత్, ఒక చేత్తో పొట్ట పట్టుకుని.

"ఏమిటి మీ బాధ?" అంది కాత్యాయని కుర్చీ లాక్కుంటూ.

"ఏం లేదండి, జర ఒంట్ల బాగుంటలేదు."

"నొప్పా? ఎక్కడ? తిన్నాక వస్తుందా, తినకముందా? వాంతులు..."

అతను కాఫీ కప్పు ఆమె ముందుకు జరిపాడు. "ఒక్క ప్రశ్న అడగండి. అడిగినంక ఒక గుక్క నోట్లె పోసుకోండి. నేను చెప్పుడు అయిపోయేదాకా మింగొద్దు."

"ఇదేం ట్రైనింగండీ?"

"మా మేనేజర్ నాకు ఇట్లనే నేర్పిండు. నేను మీకన్న ఎక్కువ వాగేటోణ్ణి."

మొదటి గుక్క పొలమారింది. రెండోది నవ్వొచ్చి బల్ల మీద పడింది. అతను తుడిచాడు. మూడో గుక్కకి ఆమె బుగ్గలు పూరించుకుని బుద్ధిగా కూర్చుంది. అతను పొట్టనొప్పి గురించి మొదలుపెట్టి, బస్సు, ఆఫీసు, నిద్రపట్టకపోవడం దాకా వెళ్ళి, చివర్లో నెమ్మదిగా, "మా నాయినకు గూడ ఇట్లనే మొదలైంది," అన్నాడు.

కాత్యాయని మింగింది. రోగి దేనికి భయపడుతున్నాడో ఒక్క ప్రశ్నా అడగకుండానే తెలిసిపోయింది.

"చివర్ల ఇంకొకటి అడగాలె," అన్నాడతను. "ఇంకేమన్న చెప్పాలనుకుంటున్నరా అని. మా దగ్గర అసలు ఫిర్యాదు అప్పుడే వస్తది."

ఆ ప్రశ్నకు పరీక్షలో మార్కులున్నాయి. క్రితంసారి ఆమె దాన్ని పూర్తిగా మరిచిపోయింది.

ఆదివారాలు అలా గడిచాయి. శశికాంత్‌కి రాని జబ్బు లేదు. ఒకరోజు నడుం నొప్పి, ఒకరోజు కళ్ళు తిరగడం. వాన పడిన రోజు జల్లు వాళ్ళ బల్ల దాకా కొట్టింది. అతను గొడుగు విప్పి ఆమె పుస్తకాలకు అడ్డం పెట్టి, తాను సగం తడిసి, "జలుబుతోని వచ్చిన, డాక్టరమ్మా," అన్నాడు. ఆ రోజు నటించే అవసరం లేకపోయింది.

ఒకసారి మాత్రం, "మా ఆవిడ కూరలల్ల నూనె ఎక్కువేస్తదండి," అన్నాడు తల పట్టుకుని.

కాత్యాయని నోట్లో కాఫీ ఉంది. చాలాసేపు మింగలేదు. ఆ తరవాత అడిగిన ప్రశ్నలన్నీ ముక్తసరిగా ఉన్నాయి. పుస్తకాలు తొందరగా సర్దుకుంది.

"ఏమైందండి? తప్పు చెప్పిన్నా?"

"ఆదివారం పూట ఇంట్లో ఆవిణ్ణి ఒంటరిగా వదిలేసి ఎలా వస్తున్నారా అని."

అతను తెల్లబోయాడు. తరవాత నవ్వు ఆపుకోలేకపోయాడు. "పెండ్లాం పేషెంటుకు ఉన్నదండి. నాకు లేదు."

కాత్యాయని సంచీ జిప్పు వేస్తున్నట్టు తల వంచుకుంది. ఆ జిప్పు అప్పటికే వేసి ఉంది.

*

ఆమె ఉండేది తారాదేవి ఆంటీ ఫ్లాట్‌లో, ఒక గది అద్దెకు తీసుకుని. కాకినాడ నుంచి కొత్త కోడలిగా వచ్చిన ఆంటీ ఇక్కడే తల నెరిసింది. భర్త పోయాక, కూతురు పెళ్ళయి నగరం అటు చివర వుడ్‌ల్యాండ్స్‌కి వెళ్ళాక, ఇంట్లో మనిషి అలికిడి ఉండాలని గది అద్దెకిచ్చింది.

"ఆ అబ్బాయిని ఆ రద్దీలో కూర్చోబెట్టడం దేనికే? ఇంటికి పిలు," అంది ఒకరోజు. శశికాంత్ గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే, "మకాన్ అయిందా బాబూ?" అని ఇక్కడి మలయ్ మాటలో తిండి సంగతి అడిగి, అయిందంటున్నా వినకుండా ఉప్మా పెట్టింది.

తిన్నాక శశికాంత్ అన్నాడు, "నా జబ్బులు ఈమెకు అలవాటయినయి ఆంటీ. ఇయ్యాల మీరు పేషెంటు."

"నాకేం రోగం లేదు కదయ్యా."

"ఉత్తగనే ఆంటీ. ఏదో ఒకటి చెప్పండి."

ఆంటీ సరదా పడి, కొంగు సర్దుకుని, కాత్యాయనికి ఎదురుగా కూర్చుంది.

"ఏమిటమ్మా మీ బాధ?" అని అడిగి కాత్యాయని గుక్క నోట్లో పోసుకుంది.

"బాధేముంది. వయసు మీద పడుతోంది." ఆంటీ ఆగింది. కాత్యాయని మింగలేదు. "మార్కెట్ నుంచి కూరలు మోసుకొస్తుంటే ఓవర్‌హెడ్ బ్రిడ్జి దగ్గర కాస్త ఆయాసం. మధ్యలో ఆగుతాను." మళ్ళీ ఆగింది. "దవడ లాగుతుందమ్మా. ఇదిగో, ఇక్కడ. పన్నేమో అనుకున్నాను. నిలబడితే పోతుంది. గ్యాసయి ఉంటుందిలే అని వాము నీళ్ళు తాగుతున్నా."

కాత్యాయని కప్పు కింద పెట్టింది. నడిస్తే వచ్చి నిలబడితే పోయే ఆ నొప్పి పంటిది కాదు, గుండెది.

"ఇది నటన కాదు కదూ ఆంటీ?"

ఆంటీ పమిట అంచు మడతపెట్టింది.

"ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?" అంది కాత్యాయని మెల్లగా.

"అమ్మాయికి చెప్పకు," అంది ఆంటీ. "దానికి చిన్నపిల్లాడు. కంగారు పడుతుంది."

రెండేళ్ళుగా అదే ఇంట్లో, అదే వంటగదిలో ఉంటోంది కాత్యాయని. రోజూ "బాగున్నారా ఆంటీ" అని అడుగుతూ, జవాబు వినకముందే లిఫ్ట్ దగ్గరికి పరుగెత్తేది. పగలంతా గుండెల మధ్య పనిచేసి వచ్చి, పక్కగదిలోని గుండెని వినలేదు.

తెల్లవారగానే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మందులు మొదలయ్యాయి. ఆంటీని ఒప్పించి వాళ్ళమ్మాయికీ ఫోన్ చేసి చెప్పింది. గుండె రక్తనాళాలు చూసే పరీక్షకు త్వరగానే తేదీ ఇచ్చారు. ఆ తేదీని కాత్యాయని రెండుసార్లు చదివింది. ఆమె పరీక్ష కూడా ఆ రోజే.

"నేను పరీక్షకు వెళ్ళను," అంది ఇంటికొచ్చాక.

"వెళ్ళకపోతే నేనూ వెళ్ళను," అంది ఆంటీ. "నీ పరీక్ష పుణ్యాన కదే ఇది బయటపడింది. దాన్నే ఎగ్గొడతావా?"

"మీ పక్కన ఎవరుంటారు? వుడ్‌ల్యాండ్స్ అక్క రెండు గంటలు ఆలస్యంగా కానీ రాలేనంది, పిల్లాణ్ణి చూసే మనిషి అప్పటికి గానీ రాదని."

సోఫా చివర కూర్చున్న శశికాంత్ అప్పటిదాకా వింటూ ఉన్నాడు. "నేను లీవు పెడ్త," అన్నాడు. "ఆంటీని నేను తోలుకపోత. మీ పేషెంటును నేను చూసుకుంట. అక్కడ మీ కోసం ఇంకొక పేషెంటు ఎదురుచూస్తుంటరు, వాళ్ళను చూడండి."

*

పరీక్షగదిలో ఒక ముసలావిడ వేషంలో నటి కూర్చుని ఉంది. బల్ల మీద కాఫీ లేదు. కాత్యాయని ఒక్క ప్రశ్న అడిగి, నోట్లో గుక్క ఉన్నట్టే పెదవులు బిగించి ఆగింది. ఆ నిశ్శబ్దం మొదట భయపెట్టింది. తరవాత అందులోకి ఆ ముసలావిడ మాటలు నెమ్మదిగా నడిచి వచ్చాయి. చివరి ప్రశ్న కూడా అడిగింది కాత్యాయని. అడుగుతున్నప్పుడు ఆమె కళ్ళ ముందున్నది తారాదేవి ఆంటీ.

బయటపడి టాక్సీలో ఆసుపత్రికి వెళ్ళేసరికి వెయిటింగ్ హాలు నిండిపోయి ఉంది. మూల వరసలో శశికాంత్. అతని పక్క కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద టిష్యూ ప్యాకెట్.

"ఆంటీ మంచిగున్నరు," అన్నాడు ఆమె అడగకముందే. "ఒక నాళం సన్నబడ్డదంట, స్టెంట్ ఏసిన్రు. అక్క లోపల ఉన్నది. మంచి టైముకు వచ్చిన్రన్నడు డాక్టర్."

కాత్యాయని ప్యాకెట్ తీసి కుర్చీలో కూలబడింది. అదే ప్యాకెట్‌లోంచి ఒకటి తీసి కళ్ళు తుడుచుకుంది.

"పొద్దుట్నించీ ఈ సీటు ఆపి ఉంచారా?"

"ఇద్దరు ముగ్గురు చూసి పోయిన్రు. ఎవ్వరూ కూసోలే. మీరు చెప్పింది నిజమే, దీనికి ఇజ్జత్ ఉన్నది."

ఆమె అతని వైపు చూసింది. పొద్దున్నించి ఏమీ తిన్నట్టు లేదు. ఆంటీ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, అదేదో తనదే అన్నట్టు రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"థాంక్స్ చెబితే సరిపోదు," అంది.

"చెప్పకండి మరి."

"సరే. ఒక్క ప్రశ్న అడుగుతాను." ఆమె సంచీలోంచి నీళ్ళ సీసా తీసింది. "మీరు ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

అడిగి, ఒక గుక్క నోట్లో పోసుకుని, బుగ్గలు పూరించి కూర్చుంది.

అడగకుండానే అన్నీ చెప్పే శశికాంత్ కుర్చీలో ఒకసారి సర్దుకుని కూర్చున్నాడు. చేతిసంచీ వైపు చూశాడు. గోడ మీద నంబర్లు మారే బోర్డు వైపు చూశాడు. ఆమె మింగలేదు.

"మొదటి రెండు ఆదివారాలే టిష్యూల బాకీ," అన్నాడు చివరికి. "తర్వాతియన్నీ మీ కోసమే వచ్చిన. మీరు పాసైతే ఆదివారం రారేమోనని భయమైంది. ఫెయిలైతే దేశమే ఇడిసి పోతరని ఇంకా భయమైంది. రోజూ ఇంటికొచ్చి చెప్పుకోనీకి నాకు మీరు కావాలె. మీరు చెప్పేది వింట గూడ." ఆంటీ చేతిసంచీ పక్కన పెట్టాడు. "అయిపోయిందండి. ఇగ మింగండి."

మింగడం కష్టమైంది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆమె ప్యాకెట్‌ని ఇద్దరి మధ్యా పెట్టింది. "పాసైనా ఆదివారం వస్తాను," అంది. "మిగతా రోజుల సంగతి ఆంటీని అడగాలి."

*

ఫలితం వచ్చిన ఆదివారం ముగ్గురూ హాకర్ సెంటర్‌కి వెళ్ళారు. ఆంటీ ఇప్పుడు బ్రిడ్జి మధ్యలో ఆగడం లేదు, మాట్లాడడానికి తప్ప. పాసయ్యానని తెనాలికి ఫోన్ చేస్తే కాత్యాయని తల్లి మొదట ఆంటీ ఆరోగ్యమే అడిగింది. ఆంటీ ఫోన్ లాక్కుని, "మీ పిల్ల నా ప్రాణం నిలబెట్టింది వదినగారూ. ఇక్కడ నేనూ తల్లినే. అబ్బాయిని నేను చూశాను, బంగారం," అని సంబంధం మాట్లాడేసింది.

శశికాంత్ తన ఫోన్ తీశాడు.

"అమ్మా, ఆ రోజు చెప్పిన గదా, ఇక్కడ టిష్యూలు ఫ్రీ అని. కాదంటనే. వాటి ఓనరు ఇక్కడనే ఉన్నది, మాట్లాడు."

ఫోన్ కాత్యాయని చేతికి వచ్చింది. అడగాల్సినవి పది ప్రశ్నలు నాలుక చివరికి వచ్చి నిలిచాయి.

"బాగున్నారా అత్తయ్యా?" అంది. అని, కాఫీ ఒక గుక్క నోట్లో పోసుకుని, హన్మకొండ నుంచి వచ్చే మాట కోసం ఆగింది.