ఎల్లవ్వ చీరల మీది బొమ్మ

"ఈమె ఎవరింటి పిల్ల, సుమన్ భాయ్?"

చీరల లేబుల్ నమూనాను కిటికీ వెలుగులోకి పట్టుకుని వినోద అడిగింది. ఆ గొంతు వింటే బొమ్మలోని అమ్మాయి మీద జాలి పడుతున్నట్టుంది.

సుమన్‌కు ప్రశ్న కంటే ఆ 'భాయ్' ఎక్కువ గుచ్చుకుంది. సూరత్‌లో మగవాడు కనిపిస్తే చాలు, పేరు చివర భాయ్ తగిలిస్తారు. పాలవాడు భాయ్, రిక్షావాడు భాయ్, ఇంటి ఓనరూ భాయే. సిరిసిల్లలో ఇంటర్ ముగించి, నాయనమ్మను వెంటబెట్టుకుని తండ్రి దగ్గరికి వచ్చిన వినోద, ఏడాది తిరక్కుండానే ఈ ఊరి మర్యాదంతా ఒంటబట్టించుకుంది. అదంతా తన మీదే ఎందుకు చూపిస్తుందో సుమన్‌కు అర్థం కాదు.

"ఎవరింటి పిల్లయితే ఏంది? చీర కట్టింది, అందంగున్నది. చాలదా?" అన్నాడు.

"కొంగు చూడు. కుడి భుజం మీదికెళ్లి ముందటికేసుకున్నది, ఈడి గుజరాతీ ఆడోళ్ల లెక్క. మా చీరలు పోయేదేమో వరంగల్‌కు, కరీంనగర్‌కు. ఆడ దుకాణంల ఈమెను చూసి ఎవరనుకుంటరు?"

మంచం మీద కూర్చుని వక్క నములుతున్న నాయనమ్మ ఎల్లవ్వ కూడా ఓ చెయ్యి వేసింది. "నా పేరు పెట్టి ఎవలో సేటమ్మ బొమ్మ గీసిండు పోరడు."

సుమన్ నమూనా తీసుకుని చూశాడు. నిజమే. అతని తల్లి రోజూ ఎడమ భుజం మీదుగా కొంగు వెనక్కే వేసుకుంటుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ తను పనిచేసే ప్రెస్సులో ఏళ్ల తరబడి గుజరాతీ లేబుళ్ల మీద బటర్ పేపర్ పెట్టి దిద్దీ దిద్దీ, చేతికి అదే అలవాటైపోయింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఆ లేబుల్ సుమన్‌కు చిన్న విషయం కాదు. సలాబత్‌పురాలో కాంతిభాయ్ ప్రెస్సులో అతను ఇంతవరకూ సొంతంగా ఒక్క బొమ్మ గీయలేదు. ఎవరో గీసినవి దిద్దడం, మిగతా పొద్దంతా కటింగ్ మిషన్ దగ్గర నిలబడటం. వినోద తండ్రి దశరథం లేబుల్ కావాలని వచ్చినప్పుడు కాంతిభాయ్ అన్నాడు, మీ తెలుగు పార్టీయే కదా, ఇది నువ్వే గీయి అని. పార్టీకి నచ్చితే కిటికీ పక్క డిజైన్ టేబుల్ అతనిది. నచ్చకపోతే మళ్లీ మిషనే.

దశరథానికీ ఇది మొదటిదే. వయసంతా పరాయి సేట్ల మరమగ్గాల మీద నేసిన మనిషి. ఇప్పుడు సొంతంగా రంగు వేయని గ్రే బట్ట కొని, కడోదరాలోని మిల్లులో రంగులద్దించి, తల్లి పేరు మీద 'ఎల్లవ్వ చీరలు' అని సరుకు పంపబోతున్నాడు.

"గీసినంక ఒక్కసారన్న చూసుకోలేదా?" వినోద వదల్లేదు.

"చూసుకున్న. నాకు పని నేర్పిన ఉస్తాద్ చెప్పిండు. బొమ్మను గోడకంటించాలె, కిందికి పోయి చాయ్ తాగి రావాలె, వచ్చినంక ఎవడో పరాయోడు గీసినట్టు చూడాలె."

"చూస్తే?"

"మంచిగనే అనిపించింది."

"పరీక్ష రాసినోడే పేపరు దిద్దుకుంటే గట్లనే ఉంటది."

"అయితే నువ్వే దిద్దు."

"దిద్దుత. కని ఏడ్వద్దు మరి," అంది. నవ్వు ఆపుకోవడానికి కొంగు చివరను వేలికి చుట్టుకుంది.

వానాకాలం అది. వినోద వాళ్లుండే లింబాయత్ గల్లీల్లో మోకాళ్ల దాకా నీళ్లు. చొక్కా తడిస్తే తడిసింది గానీ, నమూనా మాత్రం తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని సుమన్ ఆ ఇంటికి మళ్లీ మళ్లీ తిరిగాడు. ఒక రోజు వినోద దాన్ని అవతలి గోడ దగ్గర బియ్యం డబ్బా మీద నిలబెట్టి, పేరు చదవమని ఎల్లవ్వనడిగింది.

"నాకు చదువొస్తదా బిడ్డా."

"చదవకు నాయినమ్మా. అక్షరాలు కనబడ్తున్నయా లేదా చెప్పు."

"ఏదో పసుపు రంగుల చీమలు పారుతున్నట్టున్నది."

అక్షరాలు పెద్దవయ్యాయి. పసుపు పోయి ముదురు ఎరుపు వచ్చింది. ఇంకో రోజు అంచు చుట్టూ పెట్టిన పువ్వులన్నీ ఎగిరిపోయాయి. అవి ఉంటే చీర మీదికి కన్ను పోదని వినోద తీర్పు. సుమన్ ఆ రోజు కాస్త అలిగాడు. పువ్వుల కోసం రెండు రాత్రులు కూర్చున్నాడు మరి. కానీ ప్రెస్సుకు పోయి గోడకంటించి, చాయ్ తాగి వచ్చి చూస్తే, పువ్వులు లేని లేబులే బాగుంది. అలక దిగిపోయింది, తిట్టించుకోవడానికి మళ్లీ బయల్దేరాడు.

చివరికి కొంగు ఎడమ భుజం మీదుగా వెనక్కి పోయింది. ముఖం కొత్తగా గీశాడు. ఆ ముఖం ఎక్కడా ఆగకుండా, రబ్బరు ముట్టకుండా ఒక్క పూటలో వచ్చేసింది.

దశరథం బొమ్మను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "మస్తున్నది సుమన్. ఇదే కొట్టియ్యి," అన్నాడు.

ఎల్లవ్వ బొమ్మను కళ్ల దగ్గర పెట్టుకుంది. "వయసుల ఉన్నప్పుడు అచ్చం గిట్లనే ఉంటి. పోరనికి ఎట్ల ఎర్కైందో."

సుమన్ వినోద వైపు చూశాడు. ఇన్నాళ్లూ చుక్క తేడా వస్తే ఊరుకోని మనిషి, ఆ రోజు ఒక్క మాట అనలేదు. బొమ్మను చూసింది, అతన్ని చూసింది, స్టవ్ మీద ఏదో మరిచిపోయినట్టు లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు అచ్చుకు ప్లేటు వేయాలి. అలవాటు ప్రకారం సుమన్ బొమ్మను గోడకంటించి చాయ్‌కి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి మిషన్ మీద పనిచేసే గుజరాతీ ముసలాయన దాని ముందు నిలబడి ఉన్నాడు.

"దశరథ్‌భాయ్ కూతురే కదా?" అన్నాడాయన హిందీలో. "ఒకసారి బట్ట చూపించడానికి తండ్రితో వచ్చింది. బాగా గీశావు."

సుమన్ పరాయివాడి కళ్లతో చూశాడు. గోడ మీద వినోద ఉంది. అదే నుదురు, నవ్వు ఆపుకునేటప్పుడు ఒక పక్కకి వంగే అవే పెదాలు. తనకే తెలియకుండా గీశాడు. ఆమెను ప్రేమిస్తున్నాడని కూడా అప్పుడే తెలిసింది. ఆ సంతోషం కాసేపైనా నిలవలేదు. లేబుల్ అంటే అంగట్లో నిలబడేది. అట్టపెట్టెలతో పాటు రోడ్ల మీద పడేది, పాన్ డబ్బా గోడలకు ఎక్కేది. వరంగల్‌లో ఎవడో పెట్టె విప్పి ఆ ముఖం మీద వేలు పెట్టి మాట్లాడతాడు. ఆమెను ఎవరూ ఒక మాట అడగలేదు.

గోడ మీంచి బొమ్మ తీసేసి, నేరుగా లింబాయత్ వెళ్లాడు.

"కాకా, ఒక్క దినం ఆగు. బొమ్మ మార్చాలె."

దశరథం విసుక్కున్నాడు. "అందరికి నచ్చినంక మార్చుడేంది? సరుకొచ్చి కూసున్నది. ఎందుకో చెప్పు."

"చెప్పలేను కాకా."

"గట్లయితే రేపు పొద్దుగూకే లోపల తే. లేకుంటే వేరే ప్రెస్సుకిస్త. మాటల్లేవ్."

కిటికీ పక్క టేబుల్ పోయినట్టేనని సుమన్‌కు తెలుసు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి గొడుగు పట్టుకుని వినోద వచ్చింది. మిల్లు నుంచి వచ్చిన కొత్త చీర కట్టుకుని ఉంది.

"ఎందుకాపినవ్?"

"ఆ ముఖం నీది."

"నాకెర్కే."

"మరి చెప్పలేదేంది? చుక్క చుక్క దిద్దినవ్ కద."

వినోద గొడుగు కొసతో మెట్టు మీది నీళ్లను అటూ ఇటూ తోసింది.

"మంచిగ లేకపోతే చెప్తుంటి," అంది వినోద. "మంచిగున్నది. అందుకే నోరు రాలే."

సుమన్ ఒక మెట్టు పైకెక్కాడు. "నిన్ను అడగకుండ గీసిన. నాకు తెల్వకుండనే అచ్చింది. కని తెల్సినంక అంగడికి పంపుడు నాతోని కాదు. టేబుల్ పోతె పోనీ."

"బాపుకు చెప్పకపోయినవా?"

"ఏమని చెప్పాలె? నీ బిడ్డ నా కండ్లల్లనే ఉంటున్నదని చెప్పాల్నా?"

వినోద గొడుగు అతని చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి మెట్లెక్కింది. ఎడమ భుజం మీంచి కొంగు వీపంతా పరుచుకుని ఉంది. కొంగు అంచూ, నెమలిపింఛం రంగూ, కొంగు మీది బుటాలూ, ఇన్నాళ్లూ ముందు నుంచి గీసినప్పుడు కనిపించనివన్నీ ఒక్కసారిగా కనిపించాయి. పై మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, కొంగు చివరను వేలికి చుట్టుకుంది. వెనక్కి తిరిగి చూడలేదు.

సుమన్ గొడుగు తెరవడం మరిచిపోయి తడుస్తూ ప్రెస్సుకు పరుగెత్తాడు.

మరుసటి రోజు సాయంత్రం దశరథం చేతిలో కొత్త నమూనా ఉంది.

"ముఖమేది?"

"మనం అమ్మేది చీర గద కాకా. మనోళ్ల కట్టుల కొంగు వెనుకకే ఉంటది. వెనుకకెళ్లి చూస్తేనే మొత్తం చీర కనబడ్తది."

దశరథం నమూనాను తీసుకెళ్లి తనే బియ్యం డబ్బా మీద నిలబెట్టాడు. ఇవతలి గోడ దాకా వచ్చి చూశాడు. ఎర్రటి పేరు, దాని కింద వెనక్కి తిరిగి మెట్లెక్కుతున్న అమ్మాయి, వీపంతా చీర. అతని ముఖం విచ్చుకుంది. తర్వాత దగ్గరికి వెళ్లి, బొమ్మలో వేలికి చుట్టుకున్న కొంగు చివర దగ్గర ఆగిపోయాడు. అక్కడి నుంచి చూపు మెల్లగా గుమ్మం వైపు తిరిగింది. గుమ్మంలో వినోద నిలబడి ఉంది. గబుక్కున వేలికి చుట్టిన కొంగు వదిలేసింది.

"బయటోళ్లకు చీర కనబడ్తది," అన్నాడు దశరథం నిదానంగా. "ఇంట్లోళ్లకు మనిషి కనబడ్తది. నిన్న బొమ్మ ఎందుకాపినవో ఇప్పుడు సమజైంది."

సుమన్ తల దించుకున్నాడు.

"గది నేనే," అంది ఎల్లవ్వ మంచం మీంచి. "నాకు గూడ గా అలవాటే ఉండె."

"నువ్వేనే అవ్వా," అన్నాడు దశరథం. సుమన్ వైపు తిరిగాడు. "బొమ్మ కొట్టియ్యి. కని ఒక్కటి దిద్దుకోవాలె."

"చెప్పు కాకా."

"గదే. గా కాకా అనుడు బంద్ చెయ్యి. ఆదివారం మీ అమ్మను, నాయినను తోల్కరా. కూసోని మాట్లాడుకుందం."

అర్థం కావడానికి సుమన్‌కు కొంచెం సమయం పట్టింది. ఎల్లవ్వకు అంత ఓపిక లేదు. "మామ అనాలె కొడుకా," అని విడమరిచి చెప్పింది.

వినోద లోపలికి పారిపోయి, చాలాసేపటికి చాయ్ తీసుకుని వచ్చింది.  

"చాయ్ తాగు, సుమన్ భా..."

మాట మధ్యలో ఆగింది. ఎల్లవ్వ వక్క నమలడం ఆపింది. దశరథం కిటికీలోంచి వాన చూడటం మొదలుపెట్టాడు.

"చాయ్ తాగు, సుమన్," అంది వినోద, నేలను చూస్తూ.

సుమన్ తాగాడు. కంగారులో ఆమె చక్కెర వేయడం మరిచిపోయింది. ఎట్లున్నదని అడిగింది. మంచిగున్నది, ఏమీ మార్చొద్దు అని చెప్పి, కప్పు ఖాళీ చేసి ఇచ్చాడు.