సైకిలు బయలుదేరే వేళ

రాత్రంతా ముసురు పట్టి తెల్లవారుజామునే తెరిపిచ్చింది. నందిని వాకిట్లో కూర్చొని సైకిలు చైనుకు నూనె చుక్కలు వేస్తుంటే మదన్‌మోహన్ టీ గ్లాసు పట్టుకొని వరండాలోకి వచ్చాడు. గోడ వారగా, పోయినేడు అతను భార్య కోసం కొన్న స్కూటీ కవరు కప్పుకొని నిలబడి ఉంది. కొన్నప్పటి నుంచి దాని మీద ఎక్కువ సేపు కూర్చున్నది పక్కింటి పిల్లే.

"ఇయ్యాల గూడ అదేనా?" అన్నాడు.

"అదే," అంది నందిని తలెత్తకుండా.

"నిన్న షాపుకు ఝరాసంగం దిక్కు రైతులు వచ్చిన్రు. మేడంకు ఒక బండి గూడ కొనియ్యలేదా సారూ అని అడుగుతున్రు. ఏం చెప్పాలె నేను?"

"కొనిచ్చిన, ఆమెనే ఎక్కుతలేదని చెప్పున్రి."

"నవ్వులాట గాదు నందిని."

"నేనేం నవ్వుతలేను," అని చెప్పి ఆమె గుడ్డతో హ్యాండిల్ తుడిచింది. నిజానికి ఆమె నవ్వుతూనే ఉంది.

మదన్‌మోహన్‌కు జహీరాబాద్ బజార్లో ఎరువులు, విత్తనాల షాపు. నందిని కోహీర్ రోడ్డు మీద ఒక ఊళ్ళో ప్రైమరీ స్కూలు టీచరు. సైకిలు మీద అరగంట దారి. హైవే దాటేదాకా లారీల హోరు, దాటాక రెండు పక్కలా చెరుకు, అల్లం చేలు. చిన్నప్పుడు అన్న సైకిలు దొంగతనంగా తీసి, మోకాళ్ళు కొట్టుకుపోయేలా పడి నేర్చుకున్న విద్య అది. ఇంట్లో ఆమె భార్య, కోడలు, హైదరాబాదు హాస్టల్లో ఉన్న అఖిలేష్‌కు తల్లి. బళ్ళో టీచరు. ఆ అరగంటలో మాత్రం ఎవరూ ఆమెను ఏ పేరుతోనూ పిలవరు. ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మొహానికి కొట్టే గాలి, ఆ రెండూ చాలు ఆమెకు. స్కూటీ మీద పోతే ఆ గాలి వేరే వాళ్ళది అనిపిస్తుంది.

ఆమె స్టాండు తీసింది. ఆ చప్పుడు వినబడగానే, వంటింటి గడపలో బియ్యం ఏరుతున్న అత్తగారు అనంతమ్మ చేట పక్కన పెట్టి లేచింది. మోకాళ్ళు పట్టుకుంటూ పెరట్లోకి పోయి గోడవైపు తిరిగి నిలబడింది.

రోజూ ఇదే తంతు. పెళ్ళైన కొత్తలో సైకిలు బయటికి తీసినప్పుడు "రోడ్డు మీద లారీలు తిరుగుతయి, ఎందుకు బిడ్డా ఇది" అని అనంతమ్మ ఒక్కమాట అంది. మళ్ళీ ఎప్పుడూ ఏమీ అనలేదు. అనడం మానేసి వీపు చూపించడం మొదలుపెట్టింది. కొడుకు షాపుకు బయలుదేరే వేళకు మాత్రం ఆమె దేవుడి అర్రలో ఉంటుంది. కొడుకు కోసం మొక్కులు, కోడలికి వీపు. నందిని ఈ సంగతి ఎవరితోనూ అనలేదు గానీ, గేటు దాటేటప్పుడు రోజూ గుండెలో ఏదో కలుక్కుమనేది.

ఆ రోజు వీధి మలుపు దాకా పోయాక గుర్తొచ్చింది, బళ్ళో మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టే గది తాళంచెవి ఇంట్లోనే మరిచిపోయింది. సైకిలు వెనక్కి తిప్పింది. గేటు దగ్గర అనంతమ్మ గడియ పెడుతోంది. కోడలు ఎదురుగా రావడం చూసి ఉలిక్కిపడింది. కొంగు మొహం మీదికి లాక్కొని గిరుక్కున తిరిగి, పరుగులాంటి నడకతో లోపలికి పోబోయింది. వాకిట్లో పరిచిన షాబాదు బండలు తడిగా ఉన్నాయి.

"అత్తమ్మా, నిమ్మళంగ" అని నందిని అంటూనే ఉంది. కాలు జారి అనంతమ్మ పక్కకు పడిపోయింది.

సంగారెడ్డి ఆసుపత్రికి తీసుకుపోయారు. తుంటి ఎముక విరిగిందని చెప్పి ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఈ వయసులో మళ్ళీ లేచి నడవడం కష్టమని, మనసు గట్టి చేసుకోమని డాక్టరు చెప్పాడు. ఆమెను ఇంటికి తెచ్చి ముందు గదిలో మంచం మీద పడుకోబెట్టాక మదన్‌మోహన్ భార్యను వంటింట్లోకి పిలిచాడు.

"ఇప్పటికన్న నీ కండ్లు చల్లబడ్డయా?"

"ఏమంటున్రు మీరు?"

"బండి మీద పోతే పావుగంట దారి. జర ఆలస్యంగ బయలెల్లినా నడుస్తది. అమ్మను కూసోబెట్టి, గేటు నువ్వే పెట్టుకొని పోయేదానివి. నీ సైకిల్ సరదాకు మా అమ్మ మంచాన పడ్డది."

"నేను చూస్తుండంగనే పడ్డరు. నేను గేటు ముందలనే ఉన్న."

"ఉండి ఏం జేసినవు?"

నందిని దగ్గర ఉన్నదొక్కటే జవాబు, అది నోటితో చెప్పలేనిది. మీ అమ్మ నా మొహం చూడలేక తిరిగింది, ఆ తిరగడంలోనే పడింది. ఆ మాట భర్తకు చెబితే తనకే అసహ్యంగా ఉంటుంది. కళ్ళనీళ్ళు మింగుకొని, "సైకిల్ తీసుకపోయి గోదాంల పడేయున్రి. ఇగ ఆ మాట ఎత్తకున్రి," అంది.

మదన్‌మోహన్ అంత తొందరగా ఒప్పుకుంటుందనుకోలేదు. గెలిచినట్టు కూడా అతనికి అనిపించలేదు. సాయంత్రానికి సైకిలు షాపు వెనక గోదాములో యూరియా సంచుల చాటుకు చేరింది.

అత్త కోసం పెట్టిన సెలవు అయిపోయాక నందిని స్కూటీ మీద బడికి పోసాగింది. పగటిపూట అనంతమ్మ దగ్గర ఉండడానికి బస్వమ్మ అనే ఆమెను కుదుర్చుకున్నారు. పొద్దునా సాయంత్రం అత్తకు ఒళ్ళు తుడవడం, చీర మార్చడం, జావ తాగించడం అన్నీ నందినే చేసేది. ఎవరితోనూ పోట్లాడలేదు, దేనికీ వంక పెట్టలేదు. ఇల్లంతా పద్ధతిగా నడుస్తోంది. కానీ ఆమె నవ్వి చాలా రోజులైంది. ఒకరోజు అఖిలేష్ ఫోన్లో "అమ్మా, నీ గొంతు ఏదో తీరుగున్నది" అంటే, జలుబు చేసిందని అబద్ధం చెప్పింది.

అంత చేస్తున్నా అనంతమ్మ మారలేదు. చేతిలో చెయ్యి వేసి పడుకుంటుంది, తల దువ్వించుకుంటుంది. నందిని బ్యాగు భుజాన వేసుకునే సరికి మాత్రం చెద్దరు మొహం మీదికి లాక్కుంటుంది.

ఒక పొద్దున ఒళ్ళు తుడిచి, పొడి చీర చుట్టి, దిండు సర్ది నందిని బ్యాగు అందుకుంది. చెద్దరు పైకి లేచింది. ఇన్నేళ్ళుగా అణచుకున్నది ఆమెలో ఇక ఆగలేదు. బ్యాగు కింద పడేసింది.

"అత్తమ్మా, నేను మీకు ఏం పాపం జేసిన?"

చెద్దరు కదల్లేదు.

"మీ మలమూత్రాలు ఎత్తుతున్న. ఎన్నడన్న మొఖం చిట్లించిన్నా? నా మొఖం చూడనీకె మీకు అంత రోతనా? ఆ దినం గూడ నన్ను చూడొద్దనే గద ఉరికి పడ్డరు. సైకిల్ తొక్కుడు మానేసిన. ఇంకేం మానెయ్యాలె నేను?"

అనంతమ్మ చెద్దరు దించింది. ముసలి కళ్ళు ఆశ్చర్యంతో పెద్దవయ్యాయి. "నిన్ను చూడ రోతనా? ఎవరన్నరు బిడ్డా ఆ మాట?"

"ఎవరనాలె? పొద్దున లేస్తే మీ వీపు చూసే బయలెల్లుతున్న గద."

అనంతమ్మ చెయ్యెత్తి తన బోసి నుదురు తాకింది.

"బొట్టు లేని మొఖం బిడ్డా ఇది. లారీల నడుమ పోయే పిల్లకు నేను ఎదురు రావాల్నా?"

నందిని మంచం అంచున కూర్చుంది.

"మీ మామ పోయిన ఏడే, మా తమ్ముడు ఇంద్రసేన నన్ను చూడనీకె వచ్చిండు. తిరిగి పోయేటప్పుడు సద్ది కట్టుకొని గేటు కాడికి ఎదురు పోయి ఇచ్చిన. మోటరు సైకిల్ మీద పోయినోడు హైవే దాటలేదు. పీనుగ ముందల మా అమ్మ అందరు వినంగ అన్నది, నువ్వు ఎదురు పోకుంటే నా కొడుకు బతికేటోడు అని. కన్నతల్లి అన్నది బిడ్డా. అప్పటి సంది నేను బయలెల్లేటోళ్ళ ముందలికి రాలేదు."

"మరి ఆ దినం..."

"మరిచిపోయి వెనకకు వచ్చుడే మంచిది గాదంటరు. మళ్ళ బయలెల్లేటప్పుడు ముందల నేనుంటే? అందుకే ఉరికిన. నా భయం నాది. నువ్వు సైకిల్ ఎందుకు మానేసినవో నాకు ఎవరు చెప్పలేదు. నేను పడ్డందుకు భయపడ్డవనుకున్న."

గుమ్మంలో చప్పుడైంది. షాపు తాళాల గుత్తి చేతిలో పట్టుకొని మదన్‌మోహన్ నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో ఏమో, మొహం పాలిపోయింది.

"నేను షాపుకు పోయేటప్పుడు గూడ అందుకేనా అమ్మా, దేవుని అర్రల కూసునేది?"

"నాకు నువ్వొక్కడివే గదరా."

"ఎప్పటి సంది?"

"నువ్వు బడికి పోయేటప్పటి సంది."

అతను వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "అందరి అమ్మలు వాకిట్లకు వచ్చి తోలిచ్చేటోళ్ళు. మా అమ్మకే నా మీద పానం లేదనుకున్న. ఒక్కసారన్న చెప్పకపోతివి," అన్నాడు. యాభై దాటిన మనిషి, షాపులో పదిమందిని గదమాయించే మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అనంతమ్మ లేచి అతని తల నిమరలేకపోయింది. ఆమె చెయ్యి అంతదూరం అందలేదు. నందిని ఆ చెయ్యి పట్టుకొని, భర్తను దగ్గరికి జరిపి, తల మీద పెట్టింది.

మర్నాడు పొద్దున వాకిట్లో సైకిలు ఉంది. యూరియా దుమ్ము తుడిచి, టైర్లలో గాలి కొట్టించి, మదన్‌మోహన్ దాన్ని గేటు పక్కనే నిలబెట్టాడు. "నేను అన్న మాట తప్పు," అన్నాడు నందినితో, ఆమె మొహం వంక చూడకుండా. ఆ ఇంటి మగవాళ్ళ నోటి నుంచి అంతమాట రావడం అదే మొదలు.

నందిని సైకిలు తీసుకోలేదు. లోపలికి పోయి మంచం పక్కన నిలబడింది. అప్పటికే చెద్దరు మొహం మీదికి వచ్చింది.

"అత్తమ్మా, చెద్దరు తియ్యున్రి. మిమ్ముల చూసే బయలెల్లుత."

"వద్దు బిడ్డా."

"తియ్యకుంటే ఇయ్యాల బడి లేదు నాకు."

"నా మాటిను. నువ్వు కొడుకున్న దానివి."

"మీరు గూడ కొడుకున్న తల్లే గద."

చెద్దరు కింద అనంతమ్మ వెక్కి వెక్కి ఏడుస్తున్నది వినబడింది. నందిని కదల్లేదు. కొంతసేపటికి రెండు ఎండిన చేతులు చెద్దరును మెల్లగా కిందికి దించాయి. కళ్ళు గట్టిగా మూసుకొని ఉన్నాయి. తర్వాత అవి కూడా తెరుచుకున్నాయి. కాపురానికి వచ్చిన తర్వాత నందిని ఆ ఇంటి నుంచి అత్త మొహం చూసి బయలుదేరింది అదే మొదటిసారి.

"జర పైలం బిడ్డా," అంది అనంతమ్మ.

ఆ రోజు దారి పొడుగునా నందిని సంతోషంగానే తొక్కింది. ముసలామె గుండె మీద బరువు దించానని గర్వపడింది కూడా. సాయంత్రం గేటు తీసి సైకిలు లోపలికి తెచ్చేసరికి బస్వమ్మ వాకిట్లోకి ఎదురొచ్చింది.

"అమ్మా, పొద్దటి సంది ముసలమ్మ నీళ్ళు గూడ ముట్టలేదు. బువ్వ అట్లనే ఉన్నది. రోడ్డు మీద ఏ లారి సప్పుడైనా, ఏమాయె చూడు బస్వమ్మా అంటది. ఫోను జేద్దామంటే వద్దని చెయ్యి పట్టుకున్నది."

నందిని సైకిలు గోడకు ఆనించి లోపలికి పరుగెత్తింది. అనంతమ్మ పొద్దున చూసినట్టే, అదే పక్కకు తిరిగి, గుమ్మం వైపు చూస్తూ పడుకొని ఉంది. పెదవులు ఎండి పగిలాయి. కోడలిని తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసుకుంది.

"వచ్చినవా?" అంది. "జర నీళ్ళియ్యి."

తను ఆమెకు ధైర్యం ఇచ్చాననుకుంది. పగలంతా ఆమె ఎంత భయంలో పడి ఉందో ఇప్పుడు అర్థమైంది. నందిని ఆమె తల లేపి పట్టుకొని గ్లాసు నోటికి అందించింది.

"తప్పయింది అత్తమ్మా. రేపటి సంది మీరు పక్కకు తిరిగే పండుకోన్రి. నేనేమనుకోను. నాకు తెలిసింది గద, చాలు."

అనంతమ్మ గ్లాసు ఖాళీ చేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"రేపు ఎన్ని గంటలకు బయలెల్లుతవు?"

"ఎప్పటి లెక్కనే, ఎనిమిదింటికి."

"అయితే జర ముందుగాలనే నా తల దువ్వి, మంచి చీర కట్టు," అంది అనంతమ్మ. "నీకు ఎదురు రావాలె."