పద్దెనిమిది అంగుళాల భుజం

"ఎవరండీ ఈ కోటు కుట్టిన మహానుభావుడు?"

షాపులో టైలర్‌ని నేనొక్కణ్ణే కాబట్టి తప్పించుకునే దారి లేదు. విదేశంలో జరిగే ఆటల పోటీలకు వెళ్తున్న మన దేశపు టీమ్‌కి కోట్లు కుట్టింది నేనే. ఈ అమ్మాయి హామర్ త్రో ప్లేయర్, తీగకి కట్టిన ఇనుప గుండుని గిరగిరా తిప్పి విసురుతుంది. చెయ్యి పైకెత్తి చూపించగానే భుజం దగ్గర కుట్లు పటపటా తెగాయి.

"మీవాళ్ళు పంపిన కొలతల కాగితంలో భుజం పద్దెనిమిది అని ఉందండీ. అమ్మాయికి పద్దెనిమిదేంటి, పొరపాటున రాశారనుకుని పదిహేను చేశాను."

"అంటే నన్ను సరిదిద్దారన్నమాట!"

నా మొహం మాడిపోయింది. మెడలోని టేపు తీసి కొలిచాను. అక్షరాలా పద్దెనిమిది.

"రేపే ఫ్లైట్. కోటు లేకపోతే ప్రారంభోత్సవం మార్చ్‌పాస్ట్‌లో నడవనివ్వరు," అంటూ స్టూల్ లాక్కుని కూర్చుంది.

భుజం విప్పి, మిగిలిన గుడ్డ కలిపి కుడుతూ, ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాను. "సాగనంపడానికి ఇంట్లోవాళ్ళు వస్తారా?"

"అమ్మ వచ్చేది. ఇప్పుడు లేదు." వెంటనే నవ్వేసింది. "పోయినసారి తిరిగొచ్చినప్పుడు జనమంతా మెడల్స్ వచ్చినవాళ్ళ చుట్టూ మూగారు. నేనేమో ఎవరో వస్తారన్నట్టు ఫోన్ చూసుకుంటూ అరగంట నిలబడ్డాను. ఒంటరిగా వెళ్ళిపోతే బావుండదుగా!"

జోక్‌లాగే చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. రోజూ రాత్రి ఒంటరిగా గదికెళ్ళి టీవీతో కబుర్లు చెప్పుకునేవాణ్ణి, ఆ అరగంట ఎంత పొడవో నాకు తెలుసు.

మార్చ్‌పాస్ట్ టీవీలో చూశాను. చివరి వరసలో ఆమె చెయ్యెత్తి ఊపింది. కుట్లు తెగలేదు. పోటీలో పదకొండో స్థానం వచ్చింది. కొలతల కాగితం మీదున్న ఆమె నంబరుకి ఏం రాయాలో తోచక, టైప్ చేసిన మెసేజ్ మూడుసార్లు చెరిపేశాను.

టీమ్ తిరిగొచ్చేరోజు షాపు మూసి ఎయిర్‌పోర్టుకి పరిగెత్తాను. మెడల్స్ వచ్చినవాళ్ళ దగ్గర ఇసుకేస్తే రాలనంత జనం. ఆమె ఒక స్తంభం పక్కన ఫోన్ చూసుకుంటోంది.

"ఎవరికోసం చూస్తున్నారు?"

తలెత్తి నన్ను చూసి తెల్లబోయింది. "మీరా? మెడలో ఆ టేపేంటి?"

హడావిడిలో తీయడం మర్చిపోయాను.

"మళ్ళీ కొలతలకొచ్చారా?"

"మీకోసం వచ్చానండీ. నలభయ్యో స్థానం వచ్చినా వచ్చేవాణ్ణే. ఇకమీదట ప్రతిసారీ వస్తాను, మీరు సరేనంటే."

ఆమె కళ్ళు తుడుచుకుని ఫోన్ జేబులో పెట్టేసుకుంది.

"బ్యాగ్ నిండా హామర్లే. మోయగలవా?"

ఎత్తబోయాను. కదల్లేదు.

"చెరో పట్టీ పట్టుకుందాం," అంది.