రెండు చెవుల జత

ఇసుక నడుమ బండి ఆపుకొని, చేతులు పట్టుకొని కూర్చుంటారట ఆ మొగుడూ పెళ్లాం. కొత్త జంటకైనా కాస్త సిగ్గుంటుందట. తొట్లకాలనీలో పక్కింటి కుళ్లాయమ్మ ఈ మాట మనుషులందరితోనూ అనేసిందనీ, ఇక ఇసుక ఊడ్చే యంత్రంతో చెప్పడమే మిగిలిందనీ, బండికి చల్లటి పెట్టెలు నింపే వీరనాగప్ప ఓబులమ్మకు చేరవేశాడు.

"అననీలేప్పా. కండ్లుండాయి, సూసింది," అంటూ ఓబులమ్మ ఆఖరి పెట్టెను బండిలోకి తోసి తలుపు బిగించింది.

పైకి అలా అన్నది గాని లోపల గుబులుగానే ఉంది. ఆమె భయం కుళ్లాయమ్మ నోటిని గురించి కాదు. ఆ నోటి నుంచి మాట ఏలిక దాకా పోతుందేమోనని.

ఆ పెట్టెల్లో ఉన్నది, హగరి ఏటి ఇసుక కింద, ఎండ దిగని లోతు తొట్లలో పెరిగిన పగడపు నారు. ఉడికిపోయిన సముద్రంలో పాత పగడపు దిబ్బలన్నీ తెల్లబడి చచ్చాక, ఇక్కడ మొలిపించి, ఎడారి దాటించి, తూర్పు తీరంలో చల్లనీటి పోటు వచ్చే పూట నాటుతున్నారు. బండి తోలే సారథి ఒకరు, నీళ్లలో దిగే ఈతగాడు ఒకరు. ఇద్దరూ కలిస్తే జత. జతలన్నిటినీ నడిపేది ఏలిక. దానికి ఒళ్లు లేదు, గొంతు మాత్రం ఉంది. చెవి వెనక తొడిగిన పూసలో పలుకుతుంది.

ఈతగాడు నూకరాజుకు ఆ పలుకు వినపడక రెండు నాట్లు దాటాయి. లోతు ఒత్తిడికి ముందు ఎడమ చెవి పోయింది, తర్వాత కుడిదీ పోయింది. ఆ సంగతి పెళ్లానికి తప్ప ఎవరికీ తెలియదు. ఏలికకు తెలిస్తే జత విడదీస్తుంది. అతణ్ని తొట్లు గీకే కొట్టాల్లో వేసి, ఆమె పక్కన ఒక ఇనుపచెయ్యి యంత్రాన్ని కూర్చోబెడుతుంది.

బండి ఇసుక దిబ్బల మీదుగా సాగింది. ఇద్దరి చెవుల వెనకా పూస పలికింది. "ఈతగాడా, నారు ఎలా ఉంది?"

ఓబులమ్మ ఒక చేత్తో చక్రం పట్టుకొని, నారు సంగతి అడిగిందన్న గుర్తుగా రెండో చేత్తో మొగుడి అరచేతిలో గట్టిగా ఒక నొక్కు నొక్కింది.

"సల్లగుంది!" అని అరిచాడు నూకరాజు. చెవులు పోయినప్పటి నుంచీ అతనికి గొంతు ఎంత పెంచాలో తెలియడం లేదు.

పొట్టి మాటలైతే ఇలా నడుస్తూనే గడిచిపోతాయి. పెద్ద మాటలకు బండి ఆపాల్సిందే. గాలి మళ్లిన ఇసుక దిబ్బ చాటున ఆపి, కుళ్లాయమ్మ అన్నదంతా అతని అరచేతిలో వేలితో రాసింది.

అతను పగలబడి నవ్వాడు. "సిగ్గేటి? నా పెళ్లాం సెయ్యి నాను పట్టుకున్నాను. ఆ కుళ్లాయమ్మ సెయ్యి పట్టుకున్నానేటి?"

"మెల్లగయ్యా! ఊరంతా ఇంటాది," అని ఆమె అతని నోరు మూసింది. చుట్టూ ఇసుక తప్ప ఊరేదీ లేదు.

తర్వాత అతని వంతు. ఆమె చెయ్యి లాక్కొని, ఎప్పటిలాగే సముద్రం అడుగున ఉన్న పగడపు దిబ్బను ఆ అరచేతిలో చూపించాడు. ఓబులమ్మ ఇసుకలో పుట్టింది. ఇన్నేళ్లుగా తెప్ప మీదే కూర్చొని తాడు పట్టుకుంది తప్ప మోకాలి లోతు దాటి సముద్రంలో దిగలేదు. బొటనవేలి మొదలు ఎత్తు గట్టు. ఆయుష్షు రేఖ చేపలు తిరిగే సందు. దాని కొసన, మణికట్టు దగ్గర, కొత్త నారు వేసే చోటు. "ఇక్కడ ఊదా రంగు సేప ఒకటుంటాది. అచ్చం నీలాగే, కొత్తోడొస్తే పొడిసేస్తాది."

తీరం చేరి తెప్ప ఎక్కాక పూసలో కొత్త మాట వచ్చింది. ఇకనుంచి ఈతగాడు నీటి అడుగున ఏలిక మాట విని తిరిగి పలకాలి. అక్కడ సారథి పూస పనిచెయ్యదు. పలకకపోతే ఆ ఈతగాడు పనికిరాడు.

ఆమె రాసింది. నూకరాజు చదివాడు. చాలాసేపు ఆమె చెయ్యి వదల్లేదు.

"పోనీలే, ఓబులూ. కొట్టాల్లో నీడైనా ఉంటాది," అన్నాడు. మొదటిసారి మెల్లగా అన్నాడు.

నీళ్ల కింద చల్లనీటి పోటు వచ్చేసింది. ఓబులమ్మ చీర కుచ్చిళ్లు లాగేసి, అతని ఈత తొడుగులోకి కాళ్లు దూర్చింది. తన పూస అతని చెవి వెనక పెట్టి, అతని పూసా ముసుగూ తాను తగిలించుకుంది.

"నీకు పిచ్చేటే? అది సముద్రం, తొట్టి కాదు!"

ఆమె అరచెయ్యి తెరిచి అతని కళ్ల ముందు పెట్టింది. నువ్వు చూపించిందే కదా అన్నట్టు. తాడు నడుముకు కట్టి, కొస అతని చేతికిచ్చి దూకింది.

మొదట ఉప్పు, చీకటి, ఊపిరాడని భయం. రెండు గుటకలు మింగింది. పైనుంచి తాడు ఒకసారి మెల్లగా లాగినట్టయింది. పైన మొగుడున్నాడు. కళ్లు తెరిచింది. ఎత్తు గట్టు ఉంది. సందు ఉంది. ఊదా చేప వచ్చి మట్టిగాజుల మీద పొడిచింది. అతను మణికట్టు దగ్గర చూపించిన చోట, తన అమ్మ ఒకప్పుడు వరిమడిలో వేసినట్టే వెనక్కి వెనక్కి జరుగుతూ నారు గుచ్చింది. ఏలిక పలికిన ప్రతి మాటా ముసుగులోంచే తిరిగి పలికింది.

పైకి వచ్చేసరికి నూకరాజు చేతులు తాడుకు ఒరుసుకుపోయి ఉన్నాయి. ఆమె ముఖం తుడిచాడు, మళ్లీ తుడిచాడు.

పూస పలికింది. "ఈతగాడి పేరున సారథి గొంతు వచ్చింది. తెప్ప మీది మనిషి మాత్రం పలకడం లేదు. ఈ జతలో ఈతగాడు ఎవరు?"

ఓబులమ్మ జుట్టు పిండుకుంది.

ఏలిక ఏ ప్రశ్ననూ రెండోసారి అడిగిన దాఖలా లేదు. ఇప్పుడు అడిగింది. "ఈతగాడు ఎవరు? సారథి ఎవరు? ఈ జతలో వినేది ఎవరు?"

ఆమె మొగుడి చెయ్యి తన ఒళ్లోకి లాక్కొని, తాను చెప్పబోయేది ముందు అతని అరచేతిలో రాసింది. అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. అప్పుడు నోరు విప్పింది.

"ఇద్దరికీ కలిపి రెండు చెవులుండాయి. పంచుకుంటాండాము. నీకేం నొప్పి?"